మల్బరీ పండును చెర్రీ చేయకు

తమ్ముడూ,

కియరోస్తమీ తీసిన ఇరానీ సినిమా 'టేస్ట్ ఆఫ్ చెర్రీ' బ్లూ-రే డిస్క్ మీద నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. 'ధ్యానం', 'ధ్యానాత్మకం' కలిపి తొమ్మిది చోట్ల రాశావు. చచ్చిపోయాక తన మీద మట్టి కప్పే మనిషి కోసం కారులో తిరిగే బదీకి, మ్యూజియంలో పనిచేసే పెద్దాయన బాగేరీ తన పాత కథ చెప్తాడు కదా, అందులో ఆయన చెట్టెక్కి తిన్నది మాత్రం చెర్రీలని రాశావు. కాదు, మల్బరీ పళ్ళు.

ఉరి వేసుకుందామని తెల్లవారకముందే తాడు పట్టుకుని తోటకి వెళ్తాడాయన. విసిరితే తాడు కొమ్మకి పట్టదు. చెట్టెక్కుతాడు. చేతికి మెత్తగా ఏదో తగులుతుంది. ఒక పండు తింటాడు, రెండోది, మూడోది. ఇంతలో కొండ మీద పొద్దు పొడుస్తుంది. బడికెళ్ళే పిల్లలు చెట్టు ఊపమంటే ఊపుతాడు. తర్వాత కొన్ని పళ్ళు ఏరుకుని, ఇంకా నిద్రలేవని భార్య కోసం ఇంటికి పట్టుకెళ్తాడు. ఇందులో ఏదీ తెర మీద చూపించరు. కొండదారిలో వెళ్ళే కారు, ఒక పెద్దాయన గొంతు, అంతే. చెర్రీల మాట ఆ తర్వాత వస్తుంది, బదీని అడిగే ప్రశ్నగా. నువ్వు సినిమా పేరు చూసి రాసేశావు.

ఏ పండో రాయి. ఆ తర్వాత ధ్యానం సంగతి పాఠకుడే చూసుకుంటాడు. ముప్పై ఏళ్ళుగా నేను నమ్మింది ఇదొక్కటే.

మేము ఈ సినిమాని ఫిల్మ్ సొసైటీలో ఒకే ఒక్కసారి చూశాం. చీకట్లో నోట్‌బుక్‌లో రాసుకుంటే అక్షరం మీద అక్షరం పడేది. ఇంటికొచ్చి ఆ గీతల్లోంచి మల్బరీ చెట్టుని వెతికి పట్టుకుని ఒక పేరా రాశాను. ఒక పత్రిక సంపాదకుడు దాన్ని కొట్టేసి 'మానవీయ విలువలకు అద్దం పట్టిన చిత్రం' అని తన వాక్యం పెట్టాడు. నా పేరుతోనే అచ్చయింది. ఆ సంచిక ఇప్పటికీ తెరవబుద్ధి కాదు. నీకు ఆ బాధ లేదు. నీ చేతిలో రిమోట్ ఉంది, ఎన్నిసార్లయినా వెనక్కి వెళ్ళొచ్చు.

చివర్లో బొమ్మ మసకబారిందని డిస్క్ చేసినవాళ్ళని తప్పుపట్టావు. ఆ చివరి భాగం కియరోస్తమీ ఫిల్మ్ మీద కాకుండా వీడియోలోనే తీశాడు. 2020లో క్రైటీరియన్ అనే డిస్కుల సంస్థ, బొమ్మని శుభ్రం చేసి తెచ్చిన 4కె రిస్టోరేషన్‌లోనూ ఆ గరుకు ఉండాల్సిందే. అంతదాకా మట్టిరంగులో ఉన్న కొండ అక్కడ పచ్చగా ఉంది. 1997లో కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పామ్ డోర్ వచ్చిందని మొదటి పేరాలోనే చెప్పావు కానీ, ఆ పచ్చదనం నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

రెండోసారి చదివినప్పుడు ఒకచోట ఆగిపోయాను. బదీ తన కోసం సిద్ధం చేసుకున్న గోతిలో పడుకున్నాక తెర నల్లబడి వాన చప్పుడు ఒక్కటే మిగిలినప్పుడు, టీవీ అద్దంలో నీ ముఖం, వెనక సోఫాలో నిద్రపోతున్న నాన్న కనిపించారన్నావు. థియేటర్లో చూసిన మాకు అది దొరకలేదు. ఇంట్లో చూసినవాడే రాయగల మాట అది. దాన్ని తీసుకెళ్ళి బ్రాకెట్లో ఎందుకు దాచావు?

ఒకసారి డిస్క్ మళ్ళీ పెట్టు. బదీ మ్యూజియానికి వెనక్కి పరిగెత్తుకొచ్చి, పొద్దున పిలిస్తే పలకకపోతే రెండు చిన్న రాళ్ళు విసరమని, నిద్రపోయి ఉంటానేమోనని బాగేరీని బతిమాలే చోట ఆపు. ఆయన ముఖం చూడు. తర్వాత మీ నాన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి రాసి పంపు.

మీ అన్నయ్య