వాళ్ల నాయనకు చెప్పండమ్మా

అనంతపురం జిల్లా నుంచి ఒక తల్లి రాశారు. కొడుక్కి 24 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం పోయి ఏడు నెలలుగా ఇంట్లో ఉన్నాడు. నిద్రపోడు, సరిగా తినడు. "నేను లేకపోతే మీకు భారం తగ్గుతుందిలేమ్మా" అని రెండుసార్లు అన్నాడు. కోపిష్టి అయిన వాళ్ల నాయనకు తెలియకుండా, చుట్టాలెవరూ లేని కర్నూలులో డాక్టరుకు చూపించవచ్చా, కూతురికి సంబంధాలు చూస్తున్నాం, బయటికి పొక్కితే ఎట్లా అని అడిగారు.

అమ్మా, కర్నూలు మాట పక్కన పెట్టండి. అనంతపురం ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది. ఇది చదివిన మర్నాడు ఉదయమే తీసుకెళ్లండి. కూతురి సంబంధాల గురించి ఇప్పుడు నేను ఒక్క మాట కూడా మాట్లాడను.

"వాడిది మంచి మనసు, మొన్న తన బైకు మా అన్న కొడుక్కి ఇచ్చేశాడు" అని చివర్లో మురిసిపోతూ రాశారు. అది చదివి నా గుండె జారింది. చనిపోవాలన్న ఆలోచనలో ఉన్నవాళ్లు ఇష్టమైన వస్తువులు ఇట్లా ఇచ్చేయడం ఉంటుంది. ఈ రాత్రి వాణ్ని ఒంటరిగా పడుకోనివ్వకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అని నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది చెప్పుకోగలుగుతాడు. చేనుకు తెచ్చిన పురుగుమందులు ఇంట్లో ఉంటే వేరే ఇంటికి పంపేయండి. మానసిక సాయం కోసం ఉన్న 14416 టెలీ మానస్‌కు ఏ వేళప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ అది, డబ్బు కట్టనక్కర్లేదు. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే 108కి చేయండి. పోలీసు కేసు భయం వద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లను కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడమంటుంది.

మీ ఉత్తరంలో "వాళ్ల నాయనకు తెలియకుండా" అన్న మాట ఐదుసార్లు ఉంది. ఇంటర్లో తప్పితే తెలియనివ్వలేదు. వాడి అప్పు మీ గొలుసు కుదువ పెట్టి తీర్చారు, తెలియనివ్వలేదు. ఇప్పుడు ఉద్యోగం పోతే "ఇంటి నుంచే పని" అని ఆయనకు చెప్పారు. అంటే ఏడు నెలలుగా ఆ పిల్లాడు రోజూ పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి తండ్రి ముందు ఉద్యోగం నటిస్తున్నాడు. ఎంత నరకమో ఆలోచించారా? మీరు ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ భర్త కోపం పిల్లల మీద పడకుండా అన్నీ దాచడమే తల్లి ధర్మం అంటే నేను ఒప్పుకోను. తండ్రి ఉండీ లేనివాడవుతాడు.

మూడేళ్లు శెనక్కాయ ఎండిపోయినా నోరెత్తకుండా మళ్లీ విత్తనం వేసిన మనిషి అని మీ ఆయన గురించి మీరే రాశారు. అంత నష్టం ఓర్చుకున్నవాడు కొడుకు ఉద్యోగం పోతే ఓర్చుకోలేడా?

ముందు కొడుకుతో, "నాయనకు నేనే చెప్తా, నీ పక్కనే ఉంటా" అనండి. మీ అన్నను పిలిపించండి. మేనమామ వాడి దగ్గర కూర్చుంటే మీరు మీ ఆయనను బయటికి తీసుకెళ్లి అన్నీ చెప్పండి, గొలుసుతో సహా. ఆయన మీ మీద అరిస్తే అరవనివ్వండి, పిల్లాడి మీద మాత్రం వద్దనండి. ఆయన అస్సలు ఒప్పుకోకపోయినా ప్రయాణం ఆపకండి, మీ అన్నతో కలిసి వెళ్లండి.

మీ అత్తగారు గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకున్నారట. వెళ్లండి, కానీ ఆస్పత్రి తర్వాత. మందులు రాస్తే వాటి గుణం కనపడటానికి కొన్ని వారాలు పట్టవచ్చు, మధ్యలో మానేయకండి. మందులు మీ దగ్గరే పెట్టుకుని ఏ పూటకు ఆ పూట ఇవ్వండి.

మీ ఆయన వస్తే మాత్రం, ఓపీ చీటీ రాయించే వరుసలో మీరు నిలబడొద్దు. కొడుకు పేరు, వయసు ఆయననే చెప్పనివ్వండి.