పోర్ట్ అడిలైడ్ ఎన్‌ఫీల్డ్‌లో ఇల్లు చూస్తున్నారా? ముందు ఏ వైపో తేల్చుకోండి

ఆస్బోర్న్ షిప్‌యార్డులో ఉద్యోగం వచ్చింది, ఇద్దరు పిల్లలతో హైదరాబాదు నుంచి ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వస్తున్నాం, ఏ ఇంటి ప్రకటన చూసినా పోర్ట్ అడిలైడ్ ఎన్‌ఫీల్డ్ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) అనే ఉంటోంది, అది రేవు ప్రాంతమా, కుటుంబాలు ఉండే చోటేనా అని అడిగారు కదండీ. నేను ఈ కౌన్సిల్‌లో ముందు బ్లెయిర్ ఏథోల్‌లో అద్దెకున్నాను, తర్వాత సముద్రం వైపు లార్గ్స్ బేకి మారాను. రెండు చివర్లూ చూశాను కాబట్టి చెబుతున్నా. కౌన్సిల్ పేరు చూసి ఇల్లు తీసుకోకండి, ఆ పేరు చూసి వదులుకోనూ వద్దు.

1996 దాకా ఇవి రెండు వేరు వేరు కౌన్సిళ్లు. పడమట రేవు చుట్టూ పోర్ట్ అడిలైడ్, తూర్పున ఇళ్ల కాలనీలతో ఎన్‌ఫీల్డ్. ఆ ఏడాది రెండింటినీ కలిపేశారు. 2021 జనాభా లెక్కల్లో సుమారు లక్షా ముప్పై వేల మంది తేలారు. అధికారిక పేరు సిటీ ఆఫ్ పోర్ట్ అడిలైడ్ ఎన్‌ఫీల్డ్ అయినా విడిగా ఊరేం కాదు, అడిలైడ్ మహానగరంలో ఒక భాగమే. ఒక కొసన సముద్రం, ఇంకో కొసన టోరెన్స్ నది, మధ్యలో తూర్పు పడమరలుగా గ్రాండ్ జంక్షన్ రోడ్డు. ఆ రోడ్డు నిండా రేవుకి వెళ్లొచ్చే లారీలే. పడమర సముద్రం వైపున్న ఆస్బోర్న్‌కి రోజూ వెళ్లాల్సిన మనిషి ఆ రోడ్డుని మనసులో పెట్టుకునే ఇల్లు చూసుకోవాలి. తూర్పు కొస నుంచి కారులో అరగంట పైనే పడుతుంది.

మనవాళ్లు ఎక్కువగా ఎన్‌ఫీల్డ్ వైపే ఉంటారు: నార్త్‌గేట్, లైట్స్‌వ్యూ, బ్లెయిర్ ఏథోల్, కిల్‌బర్న్. కిల్‌బర్న్ దగ్గర ప్రాస్పెక్ట్ రోడ్డు మీద అఫ్గాన్ దుకాణాలు, ఇండియన్ కిరాణా కొట్లు ఉన్నాయి, పప్పులకీ బియ్యానికీ దూరం పోనక్కర్లేదు. లైట్స్‌వ్యూ కొత్తగా వెలిసిన పేట. ఇళ్లు కొత్తవే గానీ స్థలాలు ఇరుకు, పెరడు అంటూ పెద్దగా మిగలదు. సిటీలో, అంటే అడిలైడ్ నడిబొడ్డున ఉద్యోగమైతే క్లెమ్‌జిగ్ దగ్గర ఓ-బాన్ ఎక్కొచ్చు. అది బస్సుల కోసమే వేసిన కాంక్రీటు పట్టాల దారి, 1986 నుంచి నడుస్తోంది, ట్రాఫిక్‌తో పని లేకుండా సిటీ దగ్గర దించేస్తుంది. మీకు మాత్రం అది ఉపయోగపడదు, మీరు వెళ్లాల్సింది సరిగ్గా ఎదురు దిక్కుకి.

ఇక పోర్ట్ వైపు. నాకు ఈ వైపంటే ప్రాణం, ఆ సంగతి దాచను. ఇది గౌర్నా అనే ఆదివాసుల నేల. ఇప్పుడున్న చోట రేవు 1840లో మొదలైంది. లిప్సన్ స్ట్రీట్‌లో నడిస్తే పాత రాతి గిడ్డంగులు, బ్యాంకు భవనాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. సముద్రయాన మ్యూజియం, రైల్వే మ్యూజియం పక్కపక్కనే అన్నట్టు ఉంటాయి, పిల్లల్ని తీసుకెళ్తే రోజంతా గడిచిపోతుంది. 1869 నాటి ఎర్రటి లైట్‌హౌస్ ఒకటుంది. 1864లో కట్టిన సిటీ ఆఫ్ అడిలైడ్ అనే తెరచాప ఓడ కూడా ఇక్కడే ఉంది. ఒకప్పుడు బ్రిటన్ నుంచి వలస కుటుంబాల్ని మోసుకొచ్చిన ఓడ అది, 2014లో స్కాట్లాండ్ నుంచి తిరిగి తెచ్చారు. వలస వచ్చిన మనలాంటి వాళ్లం దాని పక్కన నిలబడి చూడాల్సిందే.

రేవు పాయలో డాల్ఫిన్లు తిరుగుతాయంటే మొదట్లో మావాళ్లెవరూ నమ్మలేదు. 2005లో ఆ నీళ్లని డాల్ఫిన్ల అభయారణ్యంగా ప్రకటించారు. గట్టు మీద కాసేపు ఓపిగ్గా కూర్చుంటే ముందు గాలి వదిలిన చప్పుడు వినిపిస్తుంది, తర్వాత బూడిద రంగు వీపు కనిపిస్తుంది, ఒక్కోసారి పక్కనే పిల్ల కూడా. ఆ పక్కనున్న బర్కెన్‌హెడ్ వంతెన 1940 నాటిది. ఎత్తైన పడవ వస్తే గంట మోగి, గేట్లు పడి, రోడ్డు రెండు ముక్కలై పైకి లేస్తుంది. పిల్లలు కారు దిగిపోతామని గొడవ చేస్తారు.

లార్గ్స్ బే, సెమాఫోర్‌లలో సముద్రంలోకి చొచ్చుకెళ్లే చెక్క జెట్టీలున్నాయి. వేసవి సాయంత్రాలు అక్కడ వలలు దించి నీలం పీతలు పడతారు. చిప్ప వెడల్పు 11 సెంటీమీటర్లు లేకపోయినా, గుడ్లతో ఉన్నా నీళ్లలో వదిలేయాలి. 2025లో ఈ తీరంలోని సెయింట్ విన్సెంట్ గల్ఫ్‌లో విషపు ఆల్గే (నాచు) విపరీతంగా పెరిగి చేపలు చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, కాబట్టి వల కొనేముందు అప్పటి నిబంధనలేమిటో చూసుకోండి.

ఇబ్బందులూ చెప్పాలి. రేవు చుట్టూ ఫ్యాక్టరీలున్నాయి. కొన్ని వీధుల్లో కిటికీ గట్టు తుడిచిన మర్నాడే మళ్లీ సన్నటి దుమ్ము కనిపిస్తుంది. నేల బాగా పల్లం. పెద్ద పోటుకి తుఫాను గాలి తోడైతే పాయ పక్కన వీధుల్లోకి నీళ్లొస్తాయి. కొనేటట్టయితే వరద ముప్పు ఉందో లేదో కౌన్సిల్‌నీ, ఇంటి బీమా వాళ్లనీ అడక్కుండా సంతకం పెట్టకండి. పోర్ట్ అనగానే మంచి పేట కాదని చెప్పేవాళ్లు మీకూ తగులుతారు. పాత మాటలు పట్టుకుని అనేదే అది. సెమాఫోర్‌లో అద్దెలు అడిగితే వాళ్లే నోరెళ్లబెడతారు.

కౌన్సిల్ చేసే పనులు మన కార్పొరేషన్ కంటే తక్కువే. చెత్త, చిన్న రోడ్లు, ఫుట్‌పాత్‌లు, పార్కులు, లైబ్రరీలు, కుక్కల రిజిస్ట్రేషన్, ఇంటి ప్లాను అనుమతులు, టీకాలు. నీళ్లు, బస్సులు, బడులు, పోలీసులు రాష్ట్ర ప్రభుత్వానివి. అద్దెకుంటే కౌన్సిల్ పన్ను ఇంటి ఓనరే కడతారు, వాడిన నీళ్ల బిల్లు మాత్రం సాధారణంగా మన మీదే పడుతుంది. వంటింటి చెత్త, అన్నం మెతుకులతో సహా, ఆకుపచ్చ మూత డబ్బాలో వేయాలి. లైబ్రరీ కార్డు ఒక్కటి తీసుకుంటే రాష్ట్రంలో ఏ పబ్లిక్ లైబ్రరీలోనైనా పనికొస్తుంది. వచ్చిన వారమే తీసుకోండి, పిల్లలున్న ఇంటికి ఉచితంగా దొరికేవాటిలో అంతకంటే మంచిది లేదు.

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతొకటి. పౌరసత్వం లేకపోయినా, నెల రోజులుగా ఇక్కడ ఉంటున్న, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు కౌన్సిల్ ఎన్నికలకి పేరు నమోదు చేసుకోవచ్చు. ఎన్నికలు నాలుగేళ్లకోసారి నవంబరులో, ఓటు పోస్టులోనే. తప్పనిసరి కాదు, అందుకే చాలామంది వేయరు. మీరు వేయండి. మన వీధిలో చెట్టు నాటాలా, పిల్లల పార్కుకి నీడ పందిరి వేయాలా అన్నది తేల్చేది ఈ కౌన్సిలర్లే.

నా సలహా ఇది. ఆస్బోర్న్ ఉద్యోగం, ఒక్క కారు అంటున్నారు కాబట్టి లార్గ్స్ నార్త్, టాపెరూ, నార్త్ హేవెన్ చూడండి. మూడూ ఔటర్ హార్బర్ రైలు దారి పక్కనే, ఆస్బోర్న్‌కీ ఆ దారిలోనే స్టేషనుంది. సిటీకి వెళ్లాలన్నా అదే రైలు. పోర్ట్ నడిబొడ్డునే ఉండాలనుకుంటే 2024లో పోర్ట్ డాక్ స్టేషను మళ్లీ తెరిచారు. మీ ఇంట్లో ఇంకొకరికి సిటీలో ఉద్యోగం దొరికి, రెండో కారు కొంటే అప్పుడు బ్లెయిర్ ఏథోల్ గురించి ఆలోచించండి. ఏ ఇల్లు చూసినా ముందు బడి జోను సరిచూసుకోండి. అది రాష్ట్ర విద్యాశాఖ గీసే గీత, కౌన్సిల్ హద్దుతో దానికి సంబంధం లేదు. వీధి మారితే బడి మారిపోవచ్చు.