ఐరన్ ఫిలమెంట్‌తో సర్క్యులేటర్ ప్రింట్ అవుతుందా?

ప్రశ్న: మాది కాకినాడ, ఈసీఈ మూడో ఏడాది. ప్రాజెక్టుకి 2.4 గిగాహెర్ట్జ్ సర్క్యులేటర్ (సిగ్నల్‌ని 1-2-3 వరుసలో తర్వాతి పోర్టుకి మాత్రమే పంపే మూడు పోర్టుల పరికరం) కావాలి, కొత్తది ధర చూస్తే గుండె గుభేల్‌మంది. ఇనుప పొడి కలిపిన పీఎల్ఏ ఫిలమెంట్ (3డీ ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ తీగ) ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, అయస్కాంతానికి అతుక్కుంటుందట కూడా. కాలేజీ 3డీ ప్రింటర్‌లో చేసేయొచ్చా?

జవాబు: ఆ ఫిలమెంట్‌తో అవదు. కొనకముందే అడిగారు, మంచిదైంది.

అయస్కాంతానికి అతుక్కోవడం వేరు, మైక్రోవేవ్‌ని ఒకే దిక్కుగా తిప్పడం వేరు. ఇనుములో కరెంట్ పారుతుంది కాబట్టి సిగ్నల్ కాస్తా వేడిగా మారిపోతుంది. రాడార్ తరంగాలను మింగే షీట్లలో సన్నటి ఇనుప పొడి కలిపేది సరిగ్గా అందుకే. సర్క్యులేటర్‌లో ఉండేది ఫెర్రైట్ బిళ్ల, అంటే కరెంట్‌ని పోనివ్వని అయస్కాంత ఆక్సైడ్, దాని మీద ఓ అయస్కాంతం.

మరి ఫెర్రైట్ పొడే ప్లాస్టిక్‌లో కలిపితే? ఎక్కువగా వాడే ఫెర్రైట్ యిట్రియం ఐరన్ గార్నెట్, దాని అయస్కాంత బలం సుమారు 1780 గాస్ (అయస్కాంత బలానికి కొలమానం). పరిమాణంలో 30 శాతం కలిపారనుకోండి, మిగిలేది 530 చుట్టూ, ఆ మేరకు తిప్పే శక్తీ పోతుంది, పనిచేసే బ్యాండూ (ఫ్రీక్వెన్సీల మేర) సన్నబడుతుంది. ప్లాస్టిక్‌ని కాల్చేసి పొడిని ముద్దగా కరుడుగట్టించొచ్చు గానీ దానికి 1400 డిగ్రీల కొలిమి కావాలి, పైగా బిళ్ల కుంచించుకుపోయి కొలతలు మారతాయి. ఇంక్ దారి కూడా ఉంది: సౌదీలోని కింగ్ అబ్దుల్లా యూనివర్సిటీ వాళ్లు ఐరన్ ఆక్సైడ్ నానో రేణువులతో అయస్కాంత ఇంక్ చేసి, దాంతో ప్రింట్ చేసిన యాంటెన్నా ఫ్రీక్వెన్సీని అయస్కాంతంతో జరిపి చూపించారు. మంచి పనే, కానీ అక్కడ చవకైంది ప్రింటింగ్, ఇంక్ తయారీకి మాత్రం కెమిస్ట్రీ ల్యాబ్ ఉండాల్సిందే.

నన్నడిగితే బిళ్ల కొనండి, బాడీ ప్రింట్ చేయండి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కరెంట్ రాగిలో 1.3 మైక్రాన్ల లోతు వరకే దిగుతుంది, కాబట్టి ప్లాస్టిక్ మీద మామూలు రాగి టేప్ అతికిస్తే బోలెడు. టేప్ జిగురు మాత్రం కరెంట్‌ని ఆపుతుంది, అందుకని ప్రతి అతుకు దగ్గరా సోల్డర్ చుక్క పెట్టాలి, అదీ చకచకా, పీఎల్ఏ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది మరి. బిళ్ల సైజు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది, ముందు లెక్కేసుకుని కొనండి. పాత మొబైల్ టవర్ యాంప్లిఫయర్ బోర్డుల్లోంచి బిళ్ల పీకుదామనుకుంటే, వాటి మీది టెర్మినేషన్ రెసిస్టర్లలో (మిగిలిన సిగ్నల్‌ని వేడిగా మార్చేసేవి) బెరీలియం ఆక్సైడ్ ఉండొచ్చు, ఆ ధూళి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం, గీకొద్దు, పగలగొట్టొద్దు.

టెస్టింగ్‌కి 3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే నానోవీఎన్ఏ చాలు, సిగ్నల్ ఎంత దాటిందో ఎంత వెనక్కొచ్చిందో కొలిచే చిన్న మీటర్ అది. మూడో పోర్టుకి 50 ఓమ్ లోడ్ పెట్టండి. మీటర్ ఒక దిక్కే కొలుస్తుంది కాబట్టి కేబుళ్లు తారుమారు చేసి రెండోసారి కొలవండి. రెండింటి మధ్య 20 డీబీ (పవర్‌లో వంద రెట్లు) తేడా వస్తే బయట కొన్న సరుకుకి తీసిపోదు. బిళ్ల మీది అయస్కాంతాన్ని తిరగేసి పెడితే సిగ్నల్ వెళ్లే వరుస 1-2-3 కాస్తా 1-3-2 అవుతుంది. వైవాలో ఇదే చూపించండి.

ప్రశ్న: పాత ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ (ఫోన్ ఆనించి చెల్లింపులు చేసే సదుపాయం) కాయిల్ వెనకున్న నల్ల ఫెర్రైట్ షీట్ పనికొస్తుందా?

జవాబు: రాదు. అది 13.56 మెగాహెర్ట్జ్ కోసం చేసింది, గిగాహెర్ట్జ్‌లో అదీ సిగ్నల్‌ని మింగేస్తుంది.