ఆడ, మగ లెపర్డ్ గెకోలను ఒకే ట్యాంకులో పెట్టవచ్చా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఏడాదిన్నర వయసున్న మా ఆడ లెపర్డ్ గెకోకు (మచ్చలున్న పెంపుడు బల్లి) తోడుగా ఉంటుందని మూడు వారాల క్రితం ఒక మగదాన్ని తెచ్చి అదే ట్యాంకులో వదిలాం. ట్యాంకు మూడడుగుల పొడవుంటుంది. రెండూ ఒకే గూట్లో ఒకదాని మీద ఒకటి పడుకుంటున్నాయి, కొట్టుకోవడం లేదు. ఇలాగే ఉంచేయవచ్చా? పిల్లలు పుడితే పెంచాలని కూడా ఉంది.

జవాబు: ఉంచకండి. ఈరోజే విడదీయండి.

ఒకే గూట్లో పడుకున్నాయంటే స్నేహం కుదిరిందనుకుంటాం. అసలు కారణం వేరు. ట్యాంకులో వెచ్చగా, చీకటిగా ఉన్న చోటు ఒక్కటే ఉంటే రెండింటికీ అదే కావాలి. పైన పడుకున్నది కింద ఉన్నదానికి వేడి అందకుండా అడ్డుపడుతుంది. వేడి చాలకపోతే తిన్నది అరగదు, కాబట్టి కిందది మెల్లగా చిక్కిపోతుంది. కాట్లు, గాయాలు కనిపించనంత మాత్రాన పోరు లేదనుకోవద్దు. తిండి దగ్గర వెనక్కి తగ్గడం, రోజంతా చల్లటి మూలలోనే ఉండిపోవడం, తోక సన్నబడటం, ఇవన్నీ ఓడిపోతున్న గెకో లక్షణాలు. లెపర్డ్ గెకో ఒంటరిగా బతికే జీవి. తోడు లేదని అది బెంగపడదు.

ఆడ, మగ కలిసి ఉంటే ఇంకో కష్టం కూడా ఉంది. మగది ఆగదు. ఆడది సిద్ధంగా ఉన్నా లేకున్నా వెంటపడి మెడ పట్టుకుంటుంది. ఆడది ఒక్కో విడతకు సాధారణంగా 2 గుడ్లు పెడుతుంది, రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఒక విడత వస్తుంది. జత కట్టే ఒక్క కాలంలోనే 10 నుంచి 16 గుడ్ల దాకా పెట్టగలదు. ఆ గుడ్లకు కావాల్సిన కొవ్వు తోకలోంచీ, కాల్షియం ఎముకల్లోంచీ వెళ్తుంది. మగది పక్కనే ఉంటే కోలుకునే వ్యవధి దొరకదు. కొందరు ఒక మగదాన్ని మూడు నాలుగు ఆడవాటితో కాలం పొడవునా ఉంచుతారు. గుడ్లు వస్తాయి, నిజమే. కానీ ఆ ఆడవి తొందరగా అరిగిపోతాయి. ఇంట్లో ప్రేమగా పెంచుకునేవారికి ఆ పద్ధతి వద్దు.

మధ్యలో అడ్డుగాజు పెట్టడం కూడా సరిపోదు. అవతలిదాని కదలిక కనిపిస్తూ, వాసన తగులుతూ ఉంటే మగది రోజంతా గాజును గీరుతూనే ఉంటుంది. విడిగా రెండో ట్యాంకు కావాలి. ఒక్కో గెకోకు 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉంటే హాయిగా ఉంటుంది. అందులో వెచ్చటి చివర ఒక గూడు, చల్లటి చివర ఒకటి, మధ్యలో తేమ గూడు పెట్టండి. వెచ్చటి చోట నేల వేడి 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్, చల్లటి వైపు 24 నుంచి 26 ఉండాలి. హీట్ మ్యాట్‌ను (ట్యాంకు కింద పెట్టే వేడి పరుపు) థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) లేకుండా వాడొద్దు, పొట్ట కాలిపోతుంది.

క్వారంటైన్ మాట మీ ఉత్తరంలో లేదు కాబట్టి అది కూడా చెప్పాలి. కొత్త గెకోను కనీసం 90 రోజులు వేరే గదిలో, వేరే గిన్నెలు, వేరే పట్టకారుతో ఉంచి, మలాన్ని రెండు మూడు సార్లు పరీక్ష చేయించాలి. ఒక్కసారి చేయిస్తే చాలదు, ఎందుకంటే క్రిప్టోస్పోరిడియం పరాన్నజీవి ప్రతిసారీ మలంలో పడదు. అది పట్టిన గెకో తింటూనే చిక్కిపోతుంది, తోక పుల్లలా అయిపోతుంది. నమ్మదగ్గ మందు లేదు. మామూలు క్రిమిసంహారకాలు చాలావరకు దాన్ని చంపలేవు. మీవి ఇప్పటికే కలిసి ఉన్నాయి కాబట్టి రెండింటికీ పరీక్షలు చేయించండి.

మూడు వారాలంటే జత కట్టే ఉంటాయనుకుని సిద్ధపడండి. ఆడది వీర్యాన్ని ఒంట్లో నిలవ ఉంచుకోగలదు. మగదాన్ని తీసేశాక కూడా నెలల తరబడి మంచి గుడ్లే పెట్టవచ్చు. వారానికోసారి తూచి రాయండి, గుడ్లు పెట్టే డబ్బా ఇప్పుడే అమర్చండి.

ప్రశ్న: అమ్మినవారు రెండూ ఆడవేనన్నారు. ఇప్పుడు ఒకటి తోక ఆడిస్తూ రెండోదాని వెంటపడుతోంది. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: గెకోను పట్టి తిప్పొద్దు. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కింద నుంచి చూడండి, లేదా ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. వెనక కాళ్ల మధ్య, మలద్వారానికి కాస్త పైన, మగదానికి తలకిందులైన ‘వి’ ఆకారంలో మైనంలాంటి చుక్కల వరుస స్పష్టంగా ఉంటుంది. మలద్వారం కింద తోక మొదట్లో రెండు ఉబ్బులు కనిపిస్తాయి. ఆడదానికి ఆ చోట చుక్కలు చాలా మసకగా ఉంటాయి, ఉబ్బులుండవు. ఆరు నెలల వయసుకు సాధారణంగా తేలిపోతుంది. అంతకంటే చిన్నవాటి విషయంలో ఎవరు ఏం చెప్పినా అది అంచనాయే. తోక చివరను గలగలమనేంత వేగంగా వణికిస్తోందంటే మాత్రం అది మగది కావడానికే అవకాశం ఎక్కువ. తేలేదాకా విడిగా ఉంచండి. రెండూ ఆడవే అయినా సలహా మారదు.

ప్రశ్న: జత కట్టించాలంటే ఎంత వయసు, ఎంత బరువు ఉండాలి? కలపడం ఎలా?

జవాబు: ముందు పిల్లల లెక్క చూసుకోండి. ఒక్క కాలంలో పది పిల్లలు బతికితే పది డబ్బాలు, పది చోట్ల వేడి, రోజూ పది మందికి పురుగులు కావాలి. వాటిని తీసుకునేవారు ఎవరో ఇప్పటికే తెలిసి ఉంటేనే మొదలుపెట్టండి.

ఆడదానికి ఏడాది నిండాలి, ఏడాదిన్నర అయితే మరీ మంచిది. బరువు 50 గ్రాములకు తగ్గకూడదు. అయితే అంకె ఒక్కటే చూసి మోసపోవద్దు. తోక మెడంత లావు ఉండాలి, వేళ్లు నిటారుగా ఉండాలి, కుబుసం మొత్తం ఊడిపోతుండాలి. ఎదుగుదల పూర్తికాకముందే గుడ్లు పెట్టినది ఆ తర్వాత సరిగా ఎదగకపోవచ్చు. మగది ఎనిమిది నెలలకే ఉత్సాహపడుతుంది కానీ దానికీ ఏడాది నిండనివ్వండి.

ఇంట్లో పెంచే గెకోలు ఎక్కువగా శీతాకాలం చివర మొదలై వేసవి దాకా జత కడతాయి. ఆడది సిద్ధమైనప్పుడు పొట్ట చర్మం లోంచి గులాబీ రంగు గుండ్రాలు లీలగా కనిపిస్తాయి. అవి పెరుగుతున్న అండాలు. ఆ సమయంలో తిండి తగ్గించడం మామూలే.

సాయంత్రం ఆడదాన్ని మగదాని ట్యాంకులో వదిలి, అక్కడే కూర్చోండి. మగది తోక వణికిస్తుంది, దగ్గరికొచ్చి తోకనో నడుమునో మెల్లగా పట్టి మెడదాకా వెళ్తుంది. ఆడది తోక పక్కకు ఎత్తి నిలబడితే ఒప్పుకున్నట్టు. అసలు కలయిక కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. వెంటనే విడదీయండి. ఆడది అరిచినా, తిరగబడి కరిచినా, పారిపోతూ గోడలెక్కబోయినా తీసేసి వారం ఆగండి. బలవంతం చేస్తే తోక వదిలేస్తుంది. మళ్లీ మొలిచేది మొద్దుగా ఉంటుంది, అన్నాళ్లూ దాచుకున్న కొవ్వూ పోతుంది. మంచి సమయంలో ఒకటి రెండు కలయికలు చాలు.

మెడ మీద చిన్న గాట్లు పడితే పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపిన పోవిడోన్ అయోడిన్‌తో తుడవండి, మానేదాకా ట్యాంకులో పేపర్ టవల్ పరచండి. మగదాని జననాంగం లోపలికి పోకుండా బయటే ఉండిపోతే దాన్ని ఎండనివ్వకుండా తడిగా ఉంచి అదే రోజు పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మరునాటికి కణజాలం చచ్చిపోవచ్చు.

జత కట్టాక మూడు నుంచి ఐదు వారాల్లో గుడ్లొస్తాయి. గుడ్లు పెట్టే డబ్బా కోసం మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. గెకో అందులో చుట్టూ తిరగగలిగేంత పెద్దది కావాలి. పక్కన గుండ్రటి రంధ్రం చేసి అంచు నున్నగా గీకి, లోపల 6 నుంచి 8 సెంటీమీటర్ల మందాన తడిపిన కొబ్బరిపొట్టు గానీ వెర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు) గానీ నింపండి. పిడికిట బిగిస్తే ముద్దకట్టి ఒకటి రెండు చుక్కల నీరు రావాలి. ధార కడితే తడి ఎక్కువైనట్టే.

ఈ రోజుల్లో పురుగులు దాదాపు రోజూ పెట్టండి. పెట్టే ముందు వాటికి ఒక రోజంతా ఆకుకూరలు, క్యారెట్ మేపండి. విటమిన్ డి3 లేని కాల్షియం పొడి చిన్న మూతలో ఎప్పుడూ ట్యాంకులో ఉండాలి. డి3 ఉన్నదాన్ని యూవీబీ దీపం (అతినీలలోహిత కాంతినిచ్చేది) లేకపోతే వారానికి రెండుసార్లు పురుగులకు అద్దండి. మీల్‌వార్మ్‌లు (మేతగా అమ్మే ఒక రకం పురుగులు) ఒక్కటే తిండిగా పెట్టి, పొడి అద్దడం మరచిన ఇళ్లలోనే గుడ్లు పెట్టే ఆడవాటికి దవడ మెత్తబడటం, కాళ్లు వంకర పోవడం ఎక్కువ.

ప్రశ్న: నీళ్ల గిన్నె పక్కన రెండు గుడ్లు ఉన్నాయి, కాస్త సొట్టబడ్డాయి. పనికొస్తాయా? ఇంక్యుబేటర్ ఎన్ని డిగ్రీల్లో పెట్టాలి?

జవాబు: పెట్టి కొద్ది గంటలే అయి, తోలులా తెల్లగా ఉంటే ప్రయత్నించండి. పసుపుగా, జిగటగా, నొక్కితే నీళ్ల సంచిలా ఉంటే వాటిలో జీవం ఉండకపోవచ్చు. జత కట్టని ఆడవి కూడా అలాంటి గుడ్లు పెడతాయి.

గుడ్డు పైభాగాన పెన్సిల్‌తో చుక్క పెట్టి, ఎలా ఉందో అలాగే ఎత్తండి, తిప్పొద్దు. ఒకటి రెండు రోజులు గడిచాక పిండం పైగోడకు అంటుకుంటుంది. అప్పుడు తలకిందులు చేస్తే చచ్చిపోతుంది. కోడిగుడ్ల అలవాటుతో చేసే పొరపాటిదే. చిన్న డబ్బాలో 4 సెంటీమీటర్ల వెర్మిక్యులైట్ పోసి, దాని బరువుకు సమానమైన బరువు నీళ్లు కలపండి. 100 గ్రాములకు 100 గ్రాములు. కొలగిన్నెతో కాకుండా కాటాతోనే చూడండి. బొటనవేలితో గుంట చేసి గుడ్డును సగం దాకా కూర్చోబెట్టండి. మూతకు రెండు చిన్న చిల్లులు చాలు, వారానికోసారి తెరిచి గాలి మార్చండి. సొట్ట పెరుగుతుంటే అంచున వెర్మిక్యులైట్‌లో కొన్ని చుక్కల నీళ్లు వేయండి, గుడ్డు మీద మాత్రం పడనివ్వొద్దు.

ఈ జాతిలో పిల్ల ఆడో మగో నిర్ణయించేది పొదిగే వేడి. 26 నుంచి 28 డిగ్రీలైతే ఎక్కువగా ఆడవి వస్తాయి, 30 ప్రాంతంలో రెండూ కలిసి, 32 నుంచి 33 మధ్య ఎక్కువగా మగవి. 34 దాటితే మళ్లీ ఆడవే, కానీ చచ్చేవీ, లోపాలతో పుట్టేవీ పెరుగుతాయి కాబట్టి అటు వెళ్లకండి. లింగం తేలేది మొదటి నెలలోనే, ఆ రోజుల్లో వేడి ఊగిసలాడకూడదు. మా మాట అడిగితే 28 దగ్గర పెట్టండి. ఆడవాటికి ఇల్లు దొరకడం సులువు. 27 డిగ్రీల దగ్గర రెండు నెలలు, ఇంకా పైన కూడా పట్టవచ్చు. 32 దగ్గరైతే నెలన్నర లోపే. ఇంక్యుబేటర్‌ను రెండు రోజుల ముందే నడిపి, థర్మామీటర్ ప్రోబ్‌ను గుడ్ల ఎత్తులోనే పెట్టి చూడండి. పైనున్న అంకెకూ గుడ్డు దగ్గరి వేడికీ రెండు డిగ్రీల తేడా ఉంటే మీ లెక్క తారుమారైపోతుంది.

పది రోజుల తర్వాత చీకట్లో చిన్న టార్చి ఆనిస్తే లోపల గులాబీ వెలుగు, ఎర్రటి నరాలు కనిపించాలి. పైన బూజు పట్టినంత మాత్రాన పారేయకండి, పక్క గుడ్డుకు దూరంగా జరపండి. పూర్తిగా కుంగి, కంపు కొట్టేదాకా ఆశ ఉంటుంది. చివరి రోజుల్లో గుడ్డు చెమర్చి కుంగితే పిల్ల బయటికొచ్చే వేళైంది. చీల్చుకుని తల బయటపెట్టాక ఒక రోజంతా అలాగే ఉండవచ్చు, లాగితే పచ్చసొన సంచి తెగుతుంది.

ప్రశ్న: మా ఆడది ఒక గుడ్డు పెట్టింది. రెండోది కడుపులో కనిపిస్తూనే ఉంది, రెండు రోజులైంది. తవ్వుతోంది కానీ పెట్టడం లేదు.

జవాబు: ఇది ఆగే పని కాదు. గుడ్డు ఇరుక్కుంది అనుకోవాలి. 30 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో పొట్ట మునిగేంత లోతులో 15 నిమిషాలు ఉంచి, తేమ డబ్బాలో వదిలి, వెంటనే సరీసృపాలు చూసే పశువైద్యుడితో మాట్లాడండి. కళ్లు లోపలికి పోయినా, వెనక కాళ్లు ఈడుస్తున్నా స్నానాల మీద ఆధారపడకుండా నేరుగా తీసుకెళ్లండి. ఎక్స్‌రే తీసి, కాల్షియం ఇచ్చి, అవసరమైతే శస్త్రచికిత్స చేస్తారు. పొట్ట నొక్కి గుడ్డును తోయాలని చూడకండి, లోపలే పగిలితే బతకదు. కారణం చాలాసార్లు కాల్షియం చాలకపోవడమో, డబ్బా పొడిగా, చల్లగా ఉండటమో. ఇలా జరిగినదాన్ని మళ్లీ జతకు వాడొద్దు.

ప్రశ్న: మా మగది ట్రెంపర్ ఆల్బినో, ఆడది బెల్ ఆల్బినో (రెండూ ఒంటి మీద నలుపు లేని రకాలు). పిల్లలన్నీ ఆల్బినోలే కదా? ఎనిగ్మా అనే రంగు రకం కూడా ఒకటుంది, దానితో కలపవచ్చా?

జవాబు: కావు. ట్రెంపర్, బెల్, రెయిన్‌వాటర్ మూడూ వేర్వేరు జన్యువుల వల్ల వచ్చిన ఆల్బినోలు. ట్రెంపర్, బెల్ కలిస్తే పిల్లలు మామూలుగా కనిపిస్తూ రెండు జన్యువులనూ దాచుకుని ఉంటాయి. తర్వాతి తరాల్లో ఏది ఏ ఆల్బినోనో తేల్చడం కష్టమవుతుంది. అందుకే ఈ జత వేయొద్దు. తల్లిదండ్రుల రకం తెలియకపోతే కూడా వేయొద్దు.

ఎనిగ్మాను అసలు కలపకండి. ఆ జన్యువు ఒక్కటి వచ్చినా చాలు, తల వంకర, గుండ్రంగా తిరగడం, పురుగును గురిచూసి పట్టలేకపోవడం లాంటి నరాల సమస్యలు రావచ్చు. తల్లిదండ్రులకు తక్కువగా ఉందని పిల్లలకూ తక్కువే ఉంటుందన్న హామీ లేదు. లెమన్ ఫ్రాస్ట్ అనే రంగు రకం కూడా అంతే. ఆ రంగు తెచ్చే మార్పుకే చర్మంలోని రంగు కణాల కణితులతో సంబంధం ఉందని 2021లో వచ్చిన జన్యు పరిశోధన చూపింది. రంగు ఎంత ముచ్చటగా ఉన్నా ఆ బాధను పిల్లలకు అంటగట్టకూడదు.

ప్రశ్న: పిల్లలు నాలుగున్నాయి. కాస్త పెద్దయ్యేదాకా ఒకే డబ్బాలో పెంచవచ్చా?

జవాబు: పురుగు అనుకుని పక్కదాని తోకనో వేలినో కొరుకుతాయి, కాబట్టి మొదటి రోజు నుంచే వేరు చేయండి. పుట్టినప్పుడు 3 గ్రాముల ప్రాణం అది. ఒక్కోదానికి షూ డబ్బా అంత ప్లాస్టిక్ డబ్బా, కింద పేపర్ టవల్, చిన్న గూడు, తడి నాచు ఉన్న మూల, మూతలో నీళ్లు చాలు. ఇసుక వద్దు, మింగితే పేగు మూసుకుపోతుంది. ఒకటి రెండు రోజుల్లో మొదటి కుబుసం విడిచి దాన్నే తింటుంది. తర్వాత మూడు నాలుగు రోజులకు వేట మొదలుపెడుతుంది, అప్పటిదాకా తినలేదని కంగారుపడొద్దు. పురుగు వెడల్పు పిల్ల రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. రోజూ ఐదారు చిన్న కీచురాళ్లు కాల్షియం అద్ది వేయండి, మిగిలినవి రాత్రికి తీసేయండి. పిల్ల నిద్రలో ఉంటే అవి దాన్నే కొరుకుతాయి.