పాఠకుల ప్రశ్నలు – జవాబులు: డెంగీ వైరస్‌కు కణంలోని పొరలతో ఏం పని?

ప్రశ్న: డెంగీ వైరస్ మన కణాల్లోకి చేరాక అక్కడి పొరల ఆకారాన్నే మార్చి, వాటి మాటున తన సంతతిని పెంచుకుంటుందని ఒక ఉపన్యాసంలో విన్నాను. వైరస్‌కు కావలసింది తన జన్యుపదార్థానికి నకళ్లు తీసుకోవడమే కదా, ఆ పని కణద్రవ్యంలో ఎక్కడైనా జరగవచ్చు. మరి పొరలతో దానికేం పని? వాటిని మార్చనీయకుండా అడ్డుకునే మందు తయారు చేయలేమా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మీరు విన్నది నిజమే. వైరస్ ఆర్‌ఎన్‌ఏ కణద్రవ్యంలో తేలుతూ తనంతట తాను రెట్టింపవుతున్నట్టు చూపే బొమ్మలు గీయడానికి సులువు గానీ, వాటివల్ల అసలు విషయం మరుగున పడుతుంది. డెంగీ, చికున్‌గున్యా, పోలియో, కరోనా వంటి ధనాత్మక ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు, అంటే తమ ఆర్‌ఎన్‌ఏను కణం నేరుగా సందేశంగా చదవగల వైరస్‌లు, కణంలోని ఏదో ఒక పొరను ఆసరా చేసుకునే నకళ్లు తీసుకుంటాయి. డెంగీ ఎంచుకునేది అంతర్జీవ ద్రవ్యజాలాన్ని, అంటే కేంద్రకం చుట్టూ గొట్టాలుగా, రేకులుగా పరుచుకుని, ప్రోటీన్లూ కొవ్వులూ తయారయ్యే పొరల వ్యవస్థను.

డెంగీ జన్యుపదార్థం సుమారు 10,700 అక్షరాల ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ. మన రైబోసోములు దాన్ని కణం పంపిన సందేశంగానే చదివి, ఈ పొరలోకి పలుమార్లు దూరి వెలికివచ్చే ఒకే పొడవాటి ప్రోటీన్‌ను తయారు చేస్తాయి. దాన్ని వైరస్ ఎంజైమూ మన ఎంజైములూ కలిసి తెంచగా పది ప్రోటీన్లు ఏర్పడతాయి. వాటిలో మూడు కొత్త వైరస్ రేణువుల నిర్మాణానికి పోగా, ‘ఎన్ఎస్’ అనే పేరుతో పిలిచే మిగతా ఏడూ నకలు తీసే పనికి, కణం రక్షణను తప్పించుకునే పనికి ఉపయోగపడతాయి. పొరను వంచడంలో ఎన్ఎస్4ఎ, ఎన్ఎస్4బి కీలకమైనవి. పొరలో కొవ్వు అణువులు రెండు వరుసలుగా ఉంటాయి. ప్రోటీన్ ముక్కలు ఒక వరుసలోకే చొరబడితే రెండింటి వైశాల్యంలో తేడా వచ్చి పొర వంగుతుంది. అటువంటి ప్రోటీన్లు అనేకం ఒకచోట జతకూడితే ఆ వంపు నిలబడుతుంది. ఇందుకు కావలసిన కొవ్వును తయారు చేసుకునే జన్యువు వైరస్‌కు లేదు కనుక, ఎన్ఎస్3 అనే ప్రోటీన్ మన కణంలోని ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే ఎంజైమును ఆ చోటికే రప్పించుకుంటుంది.

ఫలితంగా ఏర్పడే ఆకారాన్ని జర్మనీలోని హైడెల్‌బర్గ్ పరిశోధకులు 2009లో ఎలక్ట్రాన్ టోమోగ్రఫీతో, అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో వేర్వేరు కోణాల్లో తీసిన చిత్రాలను కలిపి, త్రిమితీయంగా చూపించారు. పొర లోపలి వైపుకు గుంటపడి, సుమారు 90 నానోమీటర్ల వ్యాసం గల తిత్తులు వరుసగా ఏర్పడ్డాయి. ఒక మిల్లీమీటరు నిడివిలో ఇలాంటివి పదకొండు వేలు పడతాయి. ప్రతి తిత్తికీ కణద్రవ్యం వైపు దాదాపు 10 నానోమీటర్ల నోరు ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరబడుతుంటారు. బెలూన్‌లోకి వేలితో నొక్కితే వేలు బెలూన్ మధ్యలో ఉన్నట్టు కనిపించినా నిజానికి బయటి గాలిలోనే ఉన్నట్టు, తిత్తి జాలంలోకి చొచ్చుకుపోయినా దాని లోపలి భాగం కణద్రవ్యంలో భాగమే. అందుకే నకలుకు కావలసిన ముడిసరుకు ఆ నోటి గుండా లోపలికి రాగలదు, తయారైన ఆర్‌ఎన్‌ఏ బయటికి పోగలదు. ఆ నోటికి ఎదురుగా ఉన్న పొర మీదనే కొత్త వైరస్ రేణువులు మొగ్గతొడగడం కూడా ఆ చిత్రాల్లో కనిపించింది.

ఇంత శ్రమ ఎందుకన్నది మీ అసలు ప్రశ్న. ఆర్‌ఎన్‌ఏకు నకలు తీసేటప్పుడు మధ్యలో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ తప్పనిసరిగా ఏర్పడుతుంది. ఆరోగ్యకరమైన కణద్రవ్యంలో పొడవాటి రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ సాధారణంగా ఉండదు కాబట్టి, దాన్ని పసిగట్టిన వెంటనే ఇంటర్‌ఫెరాన్‌కు, అంటే వైరస్‌లను ఎదిరించే రక్షణ ప్రోటీన్లకు, పిలుపునిచ్చే ఆర్ఐజీ-ఐ, ఎండీఏ5 అనే ప్రోటీన్లు కాపలా కాస్తుంటాయి. తిత్తి వాటి కంటపడకుండా దాస్తుంది. సాధారణంగా మొదట చెప్పే కారణం ఇదే. నాకు మాత్రం ఇంకొక కారణం ఇంతకన్నా మౌలికమైనదనిపిస్తుంది. రైబోసోము ఆర్‌ఎన్‌ఏను ఒక కొస నుంచి చదువుతుంటే, నకలు తీసే ఎంజైము అదే పోగు మీద రెండో కొస నుంచి ఎదురొస్తుంది. రెండు పనులకూ చోట్లు వేరు చేయకపోతే అవి దారిలో ఢీకొనక తప్పదు.

జ్వరం వచ్చినప్పుడు డెంగీ నిర్ధారణకు చేసే ‘ఎన్ఎస్1’ పరీక్ష గురించి మీరు వినే ఉంటారు. ఆ ఎన్ఎస్1 ఈ ఏడింటిలో ఒకటి. అది కణంలో జాలం లోపలి వైపు నుంచి పొరకు అంటిపెట్టుకుని ఉంటుంది, అది లేకపోతే నకళ్లు తీసే పని సాగదు. కణం నుంచి అది రక్తంలోకి విడుదలవుతుంది కాబట్టే పరీక్షకు దొరుకుతుంది.

చికున్‌గున్యా ఇటువంటి తిత్తులనే కణం బయటి పొర దగ్గర కట్టుకుంటుంది, వాటి మెడ దగ్గర ఎన్ఎస్‌పీ1 అనే దాని సొంత ప్రోటీన్లు పన్నెండు వలయంగా నిలుస్తాయి. కరోనా వైరస్‌లు కట్టేవి నలువైపులా మూసుకున్న జంటపొరల తిత్తులు. లోపలి ఆర్‌ఎన్‌ఏ బయటికెలా వస్తుందన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉండి, రెండు పొరలనూ దాటే రంధ్రం 2020లో బయటపడడంతో వీడింది.

ఇక మందు సంగతి. బెల్జియంలోని లూవెన్ శాస్త్రవేత్తల కృషితో రూపొంది, 2021లో వెల్లడైన జేఎన్‌జే-ఏ07 అనే అణువు ఎన్ఎస్3, ఎన్ఎస్4బి ప్రోటీన్లను కలవనీయకుండా చేసి, నాలుగు రకాల డెంగీలోనూ కొత్త తిత్తులు ఏర్పడకుండా ఆపుతుంది. అప్పటికే కట్టి ఉన్న తిత్తులను మాత్రం అది చెదరగొట్టలేదు. అందువల్ల ఇటువంటి మందు ఎంత ముందుగా పడితే అంత మేలు. దీని సోదర ఔషధమైన మోస్నోడెన్‌విర్‌ను వాలంటీర్లకు ముందుగా ఇచ్చి, ఆపైన బలహీనపరిచిన డెంగీ వైరస్‌ను ఎక్కించి చూసినప్పుడు, అధిక మోతాదు తీసుకున్న పదిమందిలో ఆరుగురి రక్తంలో వైరస్ జాడే కనిపించలేదు. అయినప్పటికీ జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ తన ప్రాధాన్యాలు మారాయంటూ దాని క్షేత్ర పరీక్షలను 2024లో నిలిపివేసింది. కాబట్టి పొరను వంచనీయకుండా అడ్డుకోవడం సాధ్యమేనని తేలింది గానీ, ఆ మందు ఇంకా దుకాణానికి చేరలేదు.