విమానానికి ఏమైనా జరిగితే: కొత్తగా డ్యూటీలో చేరిన మేనకోడలికి

మర్రిపాలెం, విశాఖపట్నం

అమ్మలూ,

నీకు మన ఎయిర్‌పోర్టులోనే విమాన సంస్థ తరఫున డ్యూటీ ఆఫీసరుగా పోస్టింగ్ ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. "ఆ యాక్సిడెంట్ రిపోర్టుల గొడవ తల్చుకుని టెన్షన్ పడుతోంది అన్నయ్యా, కాస్త చెప్పు" అని కూడా అంది. ఫోన్‌లో చెప్తే సగం ఆ రోజే మర్చిపోతావు. అందుకే రాసి పంపిస్తున్నాను. నీకిచ్చిన మాన్యువల్ లావుగానే ఉంటుంది, చదువు. కానీ ఏదైనా జరిగిన మొదటి గంటలో దాన్ని తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు. ఆ గంటకి పనికొచ్చేవే నేను రాస్తున్నాను.

యాక్సిడెంట్ అంటే విమానం విరిగి మంటలు లేవడమే అని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. డ్యూటీలో ఉన్నవాళ్లు కూడా. దానివల్లే ఎక్కువ చిక్కులొస్తాయి. వానాకాలంలో సాయంత్రం హైదరాబాద్ నుంచి వచ్చే విమానం మబ్బుల్లో గట్టిగా కుదుపులు తిని దిగిందనుకో. విమానం మీద గీత కూడా పడలేదు. ప్రయాణికులు బ్యాగులు తీసుకుని క్యాబ్‌లెక్కి వెళ్లిపోయారు. వెనక గ్యాలీలో, అంటే భోజనాలు సర్దే చోట మాత్రం ఓ ఎయిర్‌హోస్టెస్ చీలమండ పట్టుకుని కూర్చుంది. "బెణికింది మేడమ్, ఐస్ పెడితే తగ్గిపోతుంది" అంటుంది పక్కనున్న అమ్మాయి. రాత్రికి ఎక్స్‌రే తీస్తే ఎముక విరిగింది. ఇక అది రూల్ ప్రకారం యాక్సిడెంటే. విమానం చెక్కుచెదరలేదు కదా అంటే కుదరదు.

ఎందుకంటే లెక్క మనిషితో మొదలవుతుంది. ప్రయాణం చేద్దామని మొదటి మనిషి ఎక్కినప్పటి నుంచి చివరి మనిషి దిగేదాకా, ఆ విమానం నడకకి సంబంధించి ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా అది ప్రమాదం. తీవ్ర గాయం అంటే ఏమిటో కూడా రాసిపెట్టారు. ఎముక విరగడం అందులోకి వస్తుంది. చేతివేళ్లు, కాలివేళ్లు, ముక్కు మామూలుగా విరిగితే మాత్రం రాదు. గాయమైన 7 రోజుల్లోపు ఆసుపత్రిలో చేరి 48 గంటలు దాటి ఉండాల్సి వచ్చినా అందులోకే వస్తుంది. 30 రోజుల్లోపు ప్రాణం పోతే దాన్ని ప్రమాద మరణంగానే లెక్కేస్తారు. అందుకని, "అంబులెన్స్ ఎక్కించేశాం, మన పని అయిపోయింది" అనుకోకు. ఎక్స్‌రే ఆ రాత్రే తీయించు. తర్వాత రోజూ ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కో, కనుక్కున్నది రాసిపెట్టుకో.

ఇటువైపు, ఇంజిన్ చెడి నష్టం ఆ ఒక్క ఇంజిన్‌తో ఆగిపోయినా, టైరు పేలినా, పక్షి తగిలి ముక్కు మీద చిల్లు పడినా అది ప్రమాదం కింద రాకపోవచ్చు. సీట్లో కూర్చున్న పెద్దాయనకి గుండెపోటు వచ్చినా అంతే. అలాగని రిపోర్టు చెయ్యక్కర్లేదని కాదు, వేరే గాటన కడతారు. తృటిలో తప్పిన పెద్ద ప్రమాదాన్ని సీరియస్ ఇన్సిడెంట్ అంటారు. రన్‌వే దాటి మట్టిలోకి వెళ్లడం, గాల్లో రెండు విమానాలు మరీ దగ్గరికి రావడం, క్యాబిన్‌లో పొగ లాంటివి. ఏ గాటన కట్టాలో నీకు తేలకపోతే చెప్పెయ్. దానికి పేరు పెట్టేది ఢిల్లీలో కూర్చున్నవాళ్లు, నువ్వు కాదు. చెప్పినందుకు విసుక్కునేవాళ్లు ఉంటారు. విసుక్కోనీ.

ఎవరికి చెప్పాలి అన్నది సులువే. రూల్ ప్రకారం మొదటి బాధ్యత విమానం కెప్టెన్‌ది. ఆయన చెప్పే స్థితిలో లేకపోతే విమానం నడిపే సంస్థది, అంటే ఆ వేళ నీది. విమానయానాన్ని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏకీ, ఎయిర్‌క్రాఫ్ట్ యాక్సిడెంట్ ఇన్వెస్టిగేషన్ బ్యూరోకీ నోటీసు వెళ్లాలి. ప్రమాదమైతే జిల్లా కలెక్టరుకీ, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కీ కూడా కబురందాలి. తెలిసినప్పటి నుంచి 24 గంటలు గడువు. అది ఆఖరి గడువు. రూల్‌లో దానికి ముందున్న మాట "వీలైనంత త్వరగా". 24 గంటలున్నాయి కదా అని భోంచేసి వచ్చి రాద్దామనుకునేవాళ్లని నేను చూశాను. బ్యూరో 2012లో ఏర్పడింది. డీజీసీఏ లైసెన్సులిచ్చే సంస్థ. దాని పనితీరునే ప్రశ్నించాల్సి వచ్చినప్పుడు దర్యాప్తు దాని చేతిలోనే ఉంటే బాగుండదు కదా, అందుకే వేరు చేశారు. దర్యాప్తు నియమాలూ మొదట 2012లోనే వచ్చాయి, 2017లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. వాటికి మూలమైన 1934 నాటి చట్టం పోయి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లో ఉంది. కాబట్టి బీరువాలో ఉన్న పాత ప్రతిని నమ్ముకోకు, ఎప్పటికప్పుడు తాజా ప్రతి తెప్పించుకో.

నోటీసు రాయడంలో ఎక్కువమంది తడబడేది టైమ్ దగ్గర. అందులో యూటీసీ, అంటే ప్రపంచమంతా ఒకేలా వాడే టైమ్ రాయాలి. దానికి మన గడియారం నుంచి అయిదున్నర గంటలు తీసెయ్యాలి. తెల్లవారుజామున 4 గంటలకి జరిగిందనుకో, అది ముందు రోజు రాత్రి 22:30. తేదీ కూడా వెనక్కి జరగాలి. గంట మార్చి తేదీ మార్చడం మర్చిపోతే, ఆ ఒక్క తప్పు అన్ని కాగితాల్లోకీ పాకుతుంది. రెండు టైములూ పక్కపక్కనే రాసుకో. చోటు చెప్పేటప్పుడు అక్షాంశ రేఖాంశాలతో పాటు అందరికీ తెలిసిన గుర్తు ఒకటి ఇవ్వు. "మేఘాద్రిగెడ్డ జలాశయానికి ఉత్తరాన ఇంత దూరం" అంటే ఫైరింజన్ డ్రైవర్‌కీ అర్థమవుతుంది, కలెక్టరాఫీసుకీ అర్థమవుతుంది. విమానం రకం, రిజిస్ట్రేషన్ గుర్తులు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతమంది ఉన్నారు, వాళ్ల పరిస్థితి, నష్టం ఎంత, ప్రమాదకరమైన సరుకేదైనా ఉందా, ఇవన్నీ రాయాలి. తెలియనిది ఉంటే "ఇంకా తెలియలేదు" అని రాసి పంపించెయ్. అన్నీ తెలిశాక పంపుదామని ఆగకు.

కారణం మాత్రం రాయకు. "పైలట్ రన్‌వే మీద చాలా దూరం వెళ్లాక దించడంతో విమానం చివర దాటింది" అని రాశావంటే, నువ్వు చూడనిది నువ్వే తేల్చేసినట్టు. "విమానం రన్‌వే చివర దాటి మట్టిలో ఆగింది. ముందు చక్రం కూరుకుపోయింది. వాన పడుతోంది." అక్కడితో ఆపెయ్. ఎందుకన్నది దర్యాప్తు చేసేవాళ్ల పని. వాళ్ల నియమాల్లో కూడా దర్యాప్తు ఒక్కటే ఉద్దేశంతో జరుగుతుందని ఉంది: ఇలాంటిది మళ్లీ జరక్కుండా చూడటం. తప్పెవరిదో తేల్చి శిక్ష వెయ్యడం వాళ్ల పని కాదు. పోలీసుల కేసు దాని దారిన అది నడుస్తుంది. ఈ రెంటినీ కలిపేసుకుని భయపడి, జరిగింది కప్పిపుచ్చాలని చూసేవాళ్లు నీకూ తగుల్తారు. వాళ్ల మాట వినకు.

ఇక విమానం దగ్గరికి వద్దాం. ప్రాణాలు ముందు, మిగతావన్నీ తర్వాత. బ్యూరో అనుమతి లేకుండా శిథిలాలని కదపకూడదన్న రూల్‌కి మినహాయింపు కూడా ఆ రూల్‌లోనే ఉంది. మనుషుల్ని బయటికి తియ్యడానికి, మంటల్లో మరింత నష్టం కాకుండా ఆపడానికి, రాకపోకలకి అడ్డు తీయడానికి కదపొచ్చు. నీళ్లలో పడితే ఒడ్డుకి తేవచ్చు. ఫైర్ వాళ్లు రేకు కోస్తే ఎక్కడ కోశారో గుర్తు పెట్టుకో, వీలైతే కొయ్యకముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయించు. కాక్‌పిట్‌లో స్విచ్ ఎవరైనా ముట్టుకోవాల్సి వస్తే, ఎవరు, ఏది, ఎన్నింటికి అన్నది అప్పటికప్పుడే రాయి.

ఇంత పట్టుదల ఎందుకంటావా? 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిరిండియా బోయింగ్ 787 విమానం ప్రాథమిక నివేదిక తెరిచి చూడు. శిథిలాల్లో థ్రస్ట్ లివర్లు, అంటే ఇంజిన్ పవర్ పెంచి తగ్గించే పిడులు రెండూ వెనక్కి, ఐడిల్ (అతి తక్కువ పవర్) దగ్గర ఉన్నాయి. అది చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? పైలట్లే పవర్ తగ్గించేశారనుకుంటారు. రికార్డర్ (బ్లాక్ బాక్స్) విప్పితే, నేలని తాకేదాకా అవి ముందుకే ఉన్నాయని తేలింది. కంటికి కనిపించింది నిజమే, దాని అర్థం వేరు. కాబట్టి నువ్వు ఫోటో తియ్యి, అర్థం చెప్పకు. అదే నివేదికలో ఇంకోటుంది. ఇంధనం నింపిన బౌజర్ల (ట్యాంకర్ బండ్ల) నుంచి కూడా శాంపిళ్లు తీసి డీజీసీఏ ల్యాబ్‌లో పరీక్ష చేయించారు, బాగానే ఉందని తేలింది. అంటే మన దగ్గర ఏమైనా అయితే, ఆ విమానానికి ఇంధనం పోసిన బౌజర్‌ని ఇంకో విమానం దగ్గరికి పంపకుండా పక్కన పెట్టించాలి. ఇది చాలామందికి తట్టదు.

అంతకంటే తట్టనిది కాక్‌పిట్‌లో మాటలు రికార్డు చేసే వాయిస్ రికార్డర్. చాలా విమానాల్లో అది చివరి 2 గంటల మాటలే దాచుకుంటుంది. 25 గంటలవి ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. విమానం బాగానే ఉంది కదా అని కరెంటు ఆన్‌లో ఉంచి క్లీనింగ్ చేయిస్తూ ఉంటే, పైలట్ల మాటల మీద చీపురు చప్పుడు ఎక్కుతుంది. ఇంజినీరుని పిలిచి ఆ సర్క్యూట్ బ్రేకర్ లాగించు, లాగినట్టు టెక్ లాగ్‌లో, అంటే విమానం లోపాలూ మరమ్మతులూ రాసే పుస్తకంలో రాయించు. సీరియస్ ఇన్సిడెంట్ అయ్యుండొచ్చు అనిపిస్తే చాలు, ఆ విమానాన్ని తర్వాతి ట్రిప్పుకి వదలకు. లేటవుతోందని పైనుంచి ఫోన్లు వస్తాయి, రానీ. మనది సముద్రం పక్క ఊరు కాబట్టి ఇంకోటి కూడా చెప్పాలి. రికార్డర్ ఉప్పునీళ్లలో దొరికితే తుడిచి ఎండలో ఆరబెట్టకూడదు. లోపల తుప్పు పట్టేస్తుంది. మంచినీళ్లలో ముంచి, అలాగే పంపించాలి.

లోడ్‌షీట్, ప్రయాణికుల జాబితా, ఇంధనం రసీదులు, టెక్ లాగ్, వాతావరణ రిపోర్టు, అన్నీ ఓ కవర్లో పెట్టి సీల్ వేసి, సంతకంతో అప్పగించు. నీ దగ్గర ఓ కాపీ ఉంచుకో.

సింగపూర్ విమానానికి ఏమైనా అయితే? జరిగింది మన నేల మీద కాబట్టి దర్యాప్తు మన బ్యూరోదే. విమానం రిజిస్టరైన దేశం, దాన్ని నడిపే దేశం, తయారు చేసిన దేశం తమ ప్రతినిధుల్ని పంపుకోవచ్చు. బోయింగ్ అయితే అమెరికా వాళ్లు, ఎయిర్‌బస్ అయితే ఫ్రాన్స్ వాళ్లు వస్తారు. బయటి దేశం నుంచి వచ్చిన విమానంలో సామాను కస్టమ్స్ వాళ్లు ఒప్పుకోనిదే అక్కడి నుంచి కదపకూడదు. ప్రయాణికులు బ్యాగుల కోసం గొడవ చేస్తారు. ఓపిగ్గా చెప్పు.

మనది నేవీ రన్‌వే, ఐఎన్ఎస్ డేగా. నేవీ విమానానికి ఏమైనా అయితే వాళ్ల విచారణ వాళ్లదే, ఈ నియమాలు దానికి వర్తించవు. నువ్వు అడిగిన సాయం చెయ్యి, ప్రశ్నలడక్కు.

జనంతో మాట్లాడటం అన్నింటికంటే కష్టం. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ మాయమైన ఎయిర్‌ఫోర్స్ ఏఎన్-32 నీకు గుర్తుండే ఉంటుంది. అందులో ఉన్న 29 మందిలో 8 మంది మన ఎన్‌ఏడీ (నేవీ ఆయుధాల డిపో) ఉద్యోగులు. ఈ చుట్టుపక్కల కాలనీల వాళ్లే. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శిథిలాలు కనిపించాయని 2024 జనవరిలో చెప్పారు. ఏడేళ్లు దాటిపోయాయి. ఆ ఏడేళ్లలో ఎన్ని పుకార్లు వాళ్ల గుమ్మాల దాకా వచ్చుంటాయో ఊహించుకో. కాబట్టి ప్రయాణికుల జాబితాని ఎవడైనా ఫోన్‌లో ఫోటో తీస్తుంటే అక్కడే ఆపు. ఇంట్లోవాళ్లకి మన మనిషి చెప్పకముందే వాట్సాప్ చెప్పకూడదు. హెల్ప్‌డెస్క్ దగ్గర ఏడుస్తున్న వాళ్లకి "అంతా బాగానే ఉంది" అని నోటికొచ్చిన ధైర్యం చెప్పకు. "ఇప్పటికి ఇంతవరకే తెలుసు, అరగంటలో మళ్లీ వచ్చి చెప్తాను" అను. అరగంటకి కొత్త కబురేమీ లేకపోయినా వెళ్లి, అదే మాట చెప్పు.

నిన్ను కూడా దర్యాప్తు వాళ్లు పిలిచి అడుగుతారు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పు. గుర్తులేనిది గుర్తులేదని చెప్పడానికి మొహమాటపడకు. పిలిచే ముందు మీరంతా ఓ గదిలో కూర్చుని కథ ఒకటి చేసుకోవద్దు. నలుగురు నాలుగు రకాలుగా చెప్తేనే వాళ్లకి పనికొస్తుంది. నువ్విచ్చిన వాంగ్మూలం, కాక్‌పిట్ మాటల రికార్డూ ఊరికే బయటపెట్టేవి కావు, ఆ రక్షణ రూల్స్‌లోనే ఉంది. ప్రాథమిక నివేదిక 30 రోజుల్లో, తుది నివేదిక వీలైతే ఏడాదిలో రావాలి. కోళికోడ్‌లో 2020 ఆగస్టు 7న జరిగిన ప్రమాదంపై తుది నివేదిక 2021 సెప్టెంబరులో వచ్చింది. ఈలోగా టీవీలో రోజుకో కారణం చెప్తారు. వినాలనిపిస్తే విను గానీ ఆఫీసులో చర్చ పెట్టకు.

ఒక్క పని రేపే చెయ్యి. ఫోన్ నంబర్ల కాగితం గోడ మీద ఉందో లేదో చూడు, ఉంటే ప్రతి నంబరుకీ చేసి చూడు. ఇప్పుడు మన కలెక్టరు విశాఖపట్నం కలెక్టరు, పోలీస్ స్టేషన్ ఎయిర్‌పోర్ట్ స్టేషన్. భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టుకి వెళ్లిన రోజున అది విజయనగరం జిల్లా. కలెక్టరాఫీసు వేరు, స్టేషన్ వేరు, దగ్గరున్న ఆసుపత్రులూ వేరు. అక్కడికి మారేవాళ్లు కుర్చీలు, కంప్యూటర్లు లారీకెక్కిస్తారు గానీ ఈ కాగితం సంగతి ఎవరికీ గుర్తుండదు. అక్కడి నంబర్లతో ఇంకో కాగితం ముందే తయారు చేసి పెట్టుకో. ఆదివారం ఇంటికి వస్తే రెండూ పట్రా, చూసి పెడతాను. అత్తయ్య బొమ్మిడాయిల పులుసు పెడతానంటోంది.

మీ మావయ్య