రేడియేషన్ చికిత్సలో మూడో వారం నోటి పుళ్లు: ఒంట్లో నిజంగా జరిగేదేమిటి?

మీ నాన్నగారికి నోటి క్యాన్సర్‌కు 33 సిట్టింగుల రేడియేషన్ నిర్ణయించారనీ, 14 పూర్తయ్యేసరికి నోరంతా పుళ్లు పడి గంజి కూడా మింగలేకపోతున్నారనీ రాశారు. రేడియేషన్ ఒంట్లో పేరుకుపోతోందా, రెండేళ్ల పాపను ఆయన దగ్గరికి పంపవచ్చా, కొన్నాళ్లు చికిత్స ఆపితే మంచిదా అని అడిగారు. నేను విశాఖపట్నంలో పదమూడేళ్లుగా రేడియోథెరపీ టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. పాపను నిశ్చింతగా ఆయన ఒళ్లో కూర్చోబెట్టండి. వైద్యులు ఆపమంటే తప్ప ఒక్క రోజు కూడా మానవద్దు. ఎందుకో చెబుతాను.

మా దగ్గరికి వచ్చేవారు చాలామంది ఈ చికిత్సను ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మాట వల్ల ఏదో ఒంట్లోకి ఎక్కి అక్కడే ఉండిపోతుందన్న భయం కలుగుతుంది. ఈ చికిత్స చేసే లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం విద్యుత్తుతో ఎక్స్‌ కిరణాలను పుట్టిస్తుంది. యంత్రం ఆగిన క్షణాన కిరణమూ ఆగుతుంది, దీపం ఆర్పిన గదిలో వెలుగు మిగలనట్టే రోగి ఒంట్లోనూ ఏమీ మిగలదు. కోబాల్ట్ యంత్రంతో చేసినా అంతే. థైరాయిడ్ క్యాన్సర్‌కు తాగించే అయోడిన్-131 వంటి మందుల సంగతి వేరు. అవి కొన్ని రోజులు శరీరంలో ఉంటాయి కనుక అప్పుడు పిల్లలను దూరంగా ఉంచమంటారు. మీ నాన్నగారిది ఆ చికిత్స కాదు.

మరి ఏమీ మిగలకపోతే పుళ్లు ఎక్కడివి? చాలామంది అనుకున్నట్టు ఇది వేడికి కాలడం కాదు. రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తాం. కిలో కణజాలం ఒక జౌల్ శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే. ఒళ్లంతటికీ ఒక్కసారిగా 4 గ్రేలు తగిలి వైద్యం అందకపోతే సుమారు సగం మంది రెండు నెలల లోపే చనిపోతారు, కానీ ఆ 4 గ్రేల శక్తి శరీర ఉష్ణోగ్రతను పెంచేది డిగ్రీలో వెయ్యో వంతు మాత్రమే. అంత తక్కువ శక్తి అంత హాని చేయడానికి కారణం అది పడే చోటు. కిరణం అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది; కణంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఆ నీరు విడిపోయి హైడ్రాక్సిల్ రాడికల్ అనే, క్షణకాలం కూడా నిలవని చురుకైన ముక్క పుడుతుంది, అది పక్కనే ఉన్న డీఎన్‌ఏను తెంచుతుంది. ఒక గ్రే మోతాదుకు ఒక్కో కణంలో డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఒక్కటే తెగే చోట్లు సుమారు వెయ్యి, రెండు పోగులూ ఒకేచోట తెగేవి సుమారు 40 ఉంటాయి. ఒంటి పోగు తెగితే ఎదుటి పోగును చూసి కణం సరిచేసుకుంటుంది. రెండూ తెగినచోట కొసలు తప్పుగా అతుక్కోవచ్చు. అలా దెబ్బతిన్న కణం చాలాసార్లు వెంటనే చావదు. తాను విడిపోయి రెండు కావలసిన సమయం వచ్చినప్పుడు విడిపోలేక చస్తుంది.

మీరు చూస్తున్న ఆలస్యానికి కారణం ఇదే. నోటి లోపలి పొర కొద్ది రోజులకొకసారి అడుగు నుంచి కొత్త కణాలు పుట్టి మారుతూ ఉంటుంది. మొదటి రోజు నుంచీ అడుగు కణాలు దెబ్బ తింటూనే ఉన్నా, పైపొర అరిగిపోయి దాని స్థానంలో కొత్తది రానప్పుడు గానీ, అంటే రెండు మూడు వారాలకు గానీ పుండు బయటపడదు. చికిత్స ముగిశాక మిగిలిన కణాలు పుంజుకొని చాలామందిలో కొన్ని వారాల్లో పొర మళ్లీ కడతాయి. రోజుకు 2 గ్రేల చొప్పున విడదీసి ఇవ్వడం కూడా ఇందుకే: ఆరోగ్యకరమైన కణాలు రాత్రికి రాత్రి చాలావరకు మరమ్మతు చేసుకుంటాయి, క్యాన్సర్ కణాలకు ఆ సామర్థ్యం సాధారణంగా తక్కువ.

ఈ మాటలు మా పెద్దమ్మకు సమయానికి చెప్పలేకపోయాను. శ్రీకాకుళం తీరంలోని పల్లెల్లో చాలామంది ఆడవాళ్లలాగే ఆమె అడ్డపొగ తాగేది, అంటే వెలుగుతున్న చుట్ట కొసను నోట్లో పెట్టుకొని. అంగిలిలో క్యాన్సర్ వచ్చింది. మూడో వారంలో ఒకరోజు టార్చిలైటు వేసి చూశాను: అంగిలి మీద మీగడలాంటి తెల్లని పొర, దాని అంచున కందిన ఎరుపు, దూది తగిలితే రక్తం. “ఇంక నాను రాను బాబూ, లోన కరెంటు నిండిపోనాది” అంది. తగ్గాక వస్తుందిలే అని ఇంట్లోవాళ్లూ ఊరుకున్నారు, పని ఒత్తిడిలో నేనూ గట్టిగా చెప్పలేదు. 11 రోజులు పోయాయి. ఏడాదిన్నరకు మెడలో గడ్డ తిరిగి వచ్చింది. ఆ విరామమే కారణమని ఒక్కరి విషయంలో ఎవరూ తేల్చలేరు. కానీ తల, మెడ క్యాన్సర్లలో సుమారు నాలుగో వారం నుంచి మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరగడం మొదలుపెడతాయనీ, విరామం వల్ల చికిత్స ఆలస్యమైన ఒక్కో రోజుకూ వ్యాధి అదుపయ్యే అవకాశం ఒక శాతానికి పైగా తగ్గుతుందనీ మా రంగంలో అందరికీ తెలుసు.

కాబట్టి పుళ్ల బాధను చికిత్స ఆపి కాదు, నొప్పి మందులతో, మెత్తని చల్లని ఆహారంతో, అవసరమైతే ఆహారం కోసం ముక్కు ద్వారా వేసే గొట్టంతో దాటించాలి. గొట్టమంటే బెదిరిపోకండి. బరువు తగ్గితే తల కదలకుండా ముఖానికి బిగించే మాస్కు వదులవుతుంది, అప్పుడు కిరణం గురి తప్పవచ్చు. అలా అనిపిస్తే టెక్నాలజిస్టుకు వెంటనే చెప్పండి. చుట్ట, బీడీ, గుట్కా పూర్తిగా మానిపించండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, ఆక్సిజన్ అందని క్యాన్సర్ కణం రేడియేషన్‌కు సులభంగా లొంగదు.

పెద్ద ప్రమాదాల గురించి విని ఉంటారు. 2010లో ఢిల్లీ మాయాపురిలో తుక్కులోకి చేరిన కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం వల్ల కొందరు తీవ్రంగా జబ్బుపడి, ఒకరు మరణించారు. అక్కడ కిరణాలకు గురీ లేదు, మోతాదుకు లెక్కా లేదు. అలాంటప్పుడు ముందుగా కుప్పకూలేది ఎడతెగకుండా కొత్త కణాలు పుట్టవలసిన ఎముక మజ్జ. మీ నాన్నగారి విషయంలో కిరణం నోటికీ మెడకూ పరిమితం. ఏళ్ల తరువాత అదే చోట మరో క్యాన్సర్ వచ్చే అవకాశం కొద్దిగా ఉన్న మాట నిజమే, కానీ ఇప్పుడున్న వ్యాధి ముందు అది చాలా చిన్నది.

ఒకటి మాత్రం చాలా ఇళ్లలో మరచిపోతారు. రేడియేషన్ పడిన దవడ ఎముకలో సన్నని రక్తనాళాలు క్రమంగా మూసుకుపోతాయి, అక్కడి గాయం మానడం కష్టమవుతుంది. పదేళ్ల తరువాత పన్ను పీకించవలసి వచ్చినా సరే, దవడకు రేడియేషన్ పెట్టించుకున్న సంగతి దంతవైద్యుడికి ముందే చెప్పాలి. డిశ్చార్జి కాగితంలో ఎన్ని గ్రేలు ఇచ్చారో రాసి ఉంటుంది, దాన్ని జాగ్రత్తగా దాచండి.